ఖాళీగా పంపిన క్యారేజీ

మనిషి ఇల్లు చేరకుండా పొయ్యి మీద ఎసరు పెట్టడం నాకు చేతకాదు. మా అత్త, పేరు తాతమ్మ, దీనికి నవ్వేది. "నీ ఎసరు సూసి బస్సోళ్ళు బేగి తోలతారేటే? పెట్టీ, ఉడుకుతాది. ఆ గుంటే వస్తాది" అనేది. అయినా నేను బియ్యం కడిగి గిన్నె పక్కన పెట్టుకుని, మా చంటిది బుల్లిని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో కూచునేదాన్ని. మా ఆయన నూకరాజు కీమేన్. తెల్లారగానే సుత్తి భుజాన వేసుకుని పట్టాలు చూసుకుంటూ వెళ్ళి, ఎండ నెత్తి మీదికొచ్చే వేళకి తిరిగొచ్చేస్తాడు. నా ఎదురుచూపంతా ఆయన చెల్లెలు రత్నం కోసం.

ఆ వానాకాలం రత్నం దంతెవాడ కాలేజీలో డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. మా రైల్వే క్వార్టర్లలో డిగ్రీ దాకా వెళ్ళిన ఆడపిల్లలు ఇద్దరే. ఒకర్తె రత్నం. రెండోది పక్క క్వార్టరులో ఉండే గేటుమేన్ యేసుపాదం గారి కూతురు సువార్త. సువార్త ముందటేడే మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరూ అడగలేదు. ఆడపిల్ల చదువు మానేస్తే కారణం అడిగే అలవాటు మాలో లేదు. చదువుతానంటేనే అడుగుతారు.

మా స్టేషను కిరండూల్ లైన్లో చాలా చిన్నది. కొండ మీంచి ఎర్ర ఖనిజం నింపుకున్న గూడ్సులు పోతూనే ఉంటాయి గానీ, మనుషులెక్కే బండి పొద్దున ఒకసారి దిగువకి, చీకటి పడ్డాక ఒకసారి పైకి. పొద్దున రత్నం ఆ పాసింజరులో వెళ్ళేది. తిరిగి రావడం బస్సులో. అంతకు ముందు బస్సు స్టేషను దాకా వచ్చేది. ఆ ఏడు మొదటి వానకే శంఖిని నది ఎర్రగా పొంగి దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. బస్సువాళ్ళు పెద్ద రోడ్డు మలుపులోనే దింపేసి పోయేవారు. ఆ మలుపుని అందరూ మోడ్ అంటారు. మోడ్ నుంచి మా క్వార్టర్ల దాకా సాల్ చెట్ల మధ్య కాలిబాట. ఒక పక్క లైను కింద వెయ్యడానికి పోసిన కంకర గుట్టలు. మనిషి మనిషికి కనబడని దారి.

నాకు ఆ దారంటే భయం. మోడ్ దగ్గర లారీలు ఆపుకుని తాగే డ్రైవర్లంటే భయం. పుట్టగొడుగులూ వెదురు కొమ్ములూ టౌన్లో అమ్ముకుని అదే బస్సు దిగి అదే దారిలో వెళ్ళే కోయ ఆడవాళ్ళన్నా భయమే. వాళ్ళ మాట నాకు తెలియదు. నడుముకి కొడవళ్ళు ఉండేవి. ఒకరి వెనక ఒకరు చీమల బారులా, తల తిప్పకుండా వెళ్ళిపోయేవారు.

ఆ భయంలో నాకు దొరికిన ధైర్యం భూషణం.

భూషణం కంకర కాంట్రాక్టరు దగ్గర గుమస్తా. పార్వతీపురం వైపు మనిషి, మా అత్తవారి ఊరికి దగ్గరే. మా ఆయన్ని నూకరాజన్నా అనేవాడు, నన్ను వదినా అని. రత్నాన్ని చెల్లమ్మా అని పిలిచేవాడు. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చాడు కాబట్టి అతనికి మధ్యాహ్నం భోజనం మా ఇంటి నుంచే. ఈ లైన్లో ఒంటరిగా పనికొచ్చిన మన వైపు మనిషికి ఎవరో ఒకరి ఇంటి నుంచి క్యారేజీ వెళ్ళడం రివాజు. సాయంత్రం కడిగి తెచ్చి ఇస్తాడు, మర్నాడు మధ్యాహ్నం నిండుగా పట్టుకెళ్తాడు. తెచ్చినప్పుడు ఉత్తగా తెచ్చేవాడు కాదు. పై గిన్నెలో బెల్లం ముక్కో, బుల్లికి బిస్కెట్లో ఉండేవి. ఖాళీ గిన్నె గడప దాటకూడదని మా వైపు పట్టింపు. ఏమీ లేనినాడు ఉప్పురాయైనా వేసి పంపుతాం. ఈ పట్టింపు తెలిసినవాడు మనవాడే కదా అనుకున్నాను.

"దానికేటి ఒదినా" అన్నాడు, నేను అడగ్గానే. "బస్సు టైముకి నాను మోడ్ కాడికి ఎల్తాను. సెల్లమ్మని బండి మీద తెచ్చి దింపీసి నా పనికి నాను ఎల్లిపోతాను. ఈ అడవిలో మనోళ్ళని మనోళ్ళు సూసుకోకపోతే ఎవులు సూస్తారు?"

మా అత్త కూడా సరేనంది. మా ఆయన అయితే ఆ పూట క్యారేజీలో ఎండు చేపల పులుసు కాస్త ఎక్కువ వెయ్యమన్నాడు.

కొన్నాళ్ళు నా ఎసరు వేళకే పడింది. మోటారు సైకిలు చప్పుడు వినబడగానే పొయ్యి రాజేసేదాన్ని. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉండేదంటే, రత్నం ముఖం చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

తర్వాత చూశాను. ముందు పుస్తకాల సంచీ భుజానికి ఉండేది. కొన్నాళ్ళకి దాన్ని ముందుకి తెచ్చుకుని, భూషణం వీపుకీ తనకీ మధ్య పెట్టుకుని కూచోవడం మొదలుపెట్టింది. వాన లేనప్పుడు కూడా గొడుగు అడ్డంగా పట్టుకునేది. బండి పూర్తిగా ఆగకుండానే దిగేసేది. అన్నం తింటూ నవ్వే పిల్ల కంచం వంక చూసి తిని లేచిపోయేది.

"ఒదినా, నేను నడిచి వస్తాను" అంది ఒక పొద్దున, జడ వేయించుకుంటూ.

"ఎందుకే? బండుండగా బురదలో నడుస్తావేటి?"

"బండి ఇష్టం లేదు."

"ఇష్టం లేదంటే అయిపోద్దా? ఆ లారీలోళ్ళూ, ఆ అడివోళ్ళూ... నువ్వు వచ్చీదాకా ఇక్కడ నా పేణాలు ఉండవు. భూషణం మనోడు గాబట్టి సెప్పగానే ఒప్పుకున్నాడు."

రత్నం అద్దంలోంచి నన్ను చూసింది. నేను రిబ్బను గట్టిగా ముడివేశాను.

ఆ వారం సంతనాడు మధ్యాహ్నం నుంచి వాన. మోటారు సైకిలు చప్పుడు కాలేదు. బుల్లిని అత్తకిచ్చి నేను వరండా చివర నిలబడ్డాను. చెట్ల లోంచి "ఓ...య్" అని ఒక కేక, దానికి దూరంగా వెనక నుంచి ఇంకో "ఓ...య్". ఆ చీమల బారు బయటికి వచ్చింది. అందరి నెత్తి మీదా బుట్టలు, బుట్టల మీద ఆకుల గొడుగులు. మధ్యలో ఒక బుట్ట మాత్రం వంకరగా ఊగుతోంది. ఆ బుట్ట కింద కాలేజీ చున్నీ.

బారు మా క్వార్టరు ముందు ఆగింది. అందరికన్నా వెనక ఉన్న పెద్దామె ముందుకొచ్చి రత్నం నెత్తి మీంచి బుట్ట దింపుకుంది. ఆమె పేరు పొజ్జే అని తర్వాత తెలిసింది. సంత హిందీలో మాట్లాడింది. అది నాకూ వచ్చు.

"నీ నోని మెడ మెత్తన. బుట్ట పెడితే కొత్త దూడలా అటూ ఇటూ పోతుంది. అన్ని పుస్తకాలు చదివింది, నడవడం చెప్పలేదా?"

నోని అంటే వాళ్ళలో ఆడపిల్ల. వెనకవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"మా పిల్ల మీతో ఎందుకు వచ్చింది?"

"ఒక్కతే నడుస్తోంది. మేము దారిలో ఒక్కదాన్ని వదిలిపెట్టం. ముందామె కేకేస్తే వెనకామె పలకాలి. పలక్కపోతే అందరం ఆగిపోతాం."

"మరి బుట్ట ఎందుకు పెట్టారు?"

పొజ్జే బుట్టలో మిగిలిన వెదురు కొమ్ములు సర్దుకుంది. "బుట్ట ఉంటే మా మనిషి అనుకుంటారు. దగ్గరికి రారు."

"ఎవరు?"

ఆమె నా ముఖం వంక కాసేపు చూసింది, నాకు నిజంగానే తెలియదా అన్నట్టు. "బండివాడు" అంది. తర్వాత రెండు వెదురు కొమ్ములు నా చేతిలో పెట్టి, బారు తోకలోకి వెళ్ళి నిలబడింది.

కుళాయి దగ్గర రత్నం కాళ్ళు కడుక్కుంటుంటే నేను బకెట్టు నెపంతో వెళ్ళాను. తనే చెప్పింది, నీళ్ళ ధార కింద నుంచి కాళ్ళు తీయకుండా.

"కంకర గుట్టల వైపు తిప్పాడు ఒదినా. వాన తగ్గాక వెళ్దామన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. గింజుకుని దిగి నడిచొచ్చేశాను."

"మనోడు కదే... సెల్లమ్మా అంటాడు కదే."

"మీ ముందు అంటాడు. మోడ్ దగ్గర బండెక్కాక ఆ పిలుపు ఉండదు."

నేను కుళాయి కట్టేశాను. తనే మళ్ళీ అంది.

"ఇంట్లో చెప్పుకో అన్నాడు. చెప్తే నీ చదువే పోతుంది, నాకేం పోతుంది అన్నాడు. అది నిజమే కదా ఒదినా. అన్నయ్యకి చెప్పకు."

అది నిజమేనని నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎనిమిదో తరగతిలో మా ఊరి వంతెన మీద ఒకడు రోజూ సైకిలు అడ్డం పెట్టేవాడు. ఇంట్లో చెప్పాను. మా నాన్న వాణ్ణి ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి నన్ను బడి మాన్పించాడు. వాడు ఆ వంతెన మీద ఇంకా చాలాకాలం నిలబడ్డాడు. నేను కాక ఇంకెవరో నడిచి ఉంటారు.

మర్నాటి నుంచి బస్సు వేళకి బుల్లిని చంకనేసుకుని నేనే మోడ్ దాకా వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ క్వార్టర్లకి కాపురానికి వచ్చాక సిగ్నలు దాటి ఒంటరిగా వెళ్ళింది అదే మొదలు. అత్త అడిగితే, బుల్లికి గాలి మారుద్దామని అన్నాను. బస్సు దిగాక రత్నమూ నేనూ పొజ్జే వాళ్ళ బారులో కలిసేవాళ్ళం. పిల్లనెత్తుకున్నామె మధ్యలో ఉండాలట. కేక వేసినప్పుడల్లా బుల్లి కూడా నోరు తెరిచేది. పొజ్జే మురిసిపోయి, దీని మెడ బాగుంది, ఇది బుట్ట మోస్తుంది అనేది.

మొదటి రోజే భూషణం ఎదురొచ్చాడు. బండి మీద కాలు కింద పెట్టుకుని నవ్వుతున్నాడు.

"పిల్లనెత్తుకోని ఇంత దూరం ఎందుకొదినా? నా మీద నమ్మకం లేదేటి?"

"నడిస్తే ఒంటికి మంచిదన్నారు భూషణం."

"మంచిదే. ఇలాగ అడివోళ్ళ ఎనకాల తిరుగుతన్నారని మరి అన్నకి తెలుసా?"

నవ్వుతూనే అన్నాడు. రత్నానికి వేసిన ముడే నాకూ వేస్తున్నాడని అర్థమైంది. బారు కదిలితే నేనూ కదిలాను.

ఆ తర్వాత కూడా మధ్యాహ్నం అయ్యేసరికి క్యారేజీ నిండుతూనే ఉంది, నా చేత్తోనే. మానేస్తే ఎందుకు మానేశావని మా ఆయన అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెప్తే రత్నం చదువు పోతుంది. ఈ లెక్కలోనే తిరుగుతూ అన్నం వడ్డించేదాన్ని. అతను పట్టుకెళ్ళేటప్పుడు "ఒదిన చేతి వంట" అని నలుగురికీ వినబడేలా అనేవాడు. తెచ్చినప్పుడు బిస్కెట్లు ఉండేవి. బుల్లికి పెట్టకుండా కాకులకి వేశాను.

ఒక సాయంత్రం బిస్కెట్లతో పాటు ఒక జత రిబ్బన్లు ఉన్నాయి. ఎర్రవి. రత్నం కట్టుకునే రంగు.

మర్నాడు అన్నం వండాను, పప్పు వండాను, వెదురు కొమ్ములు కూర చేశాను. భూషణం క్యారేజీ మూడు గిన్నెలూ బూడిదతో తోమాను. కడిగాను. తెల్ల గుడ్డతో తడి లేకుండా తుడిచాను. రిబ్బన్లు పొయ్యిలో పడేసి, ఖాళీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి క్లిప్పులు పెట్టాను.

మా అత్త గుమ్మంలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. చూస్తూనే ఉంది.

"అన్నం ఎయ్యలేదేటే?"

"ఎయ్యలేదు అత్తా."

"మరి ఉత్త క్యారేజీ గడప దాటిస్తావేటి?" లేచి జాడీ లోంచి ఉప్పురాయి తెచ్చింది. "ఇదైనా ఎయ్యి."

"ఎయ్యను."

మా అత్తతో నేను అలా మాట్లాడింది లేదు. ఆవిడ నన్ను చూసింది. గోడ మేకుకి వేలాడుతున్న రత్నం ఇంట్లో వేసుకునే చున్నీని చూసింది. తర్వాత ఉప్పురాయిని జాడీలో వేసి మూత పెట్టి, చింతపండు దగ్గరికి వచ్చి కూచుంది.

భూషణం వచ్చి క్యారేజీ పట్టుకెళ్ళాడు. బరువు తెలియలేదో, తెలిసీ తెలియనట్టు ఉన్నాడో. ప్లాట్‌ఫారం చివర రేకుల షెడ్డులో పట్టాల పనిచేసే గ్యాంగువాళ్ళంతా కలిసి తింటారు. ఆ పూట మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు. మూడు గిన్నెలూ విప్పి చూస్తే మూడూ అద్దంలా మెరుస్తున్నాయట. ఎవరో, "ఏటి భూషణం, ఒదిన నీకు ఏకాదశి పెట్టిందేటి?" అన్నారట. నవ్వారట. తర్వాత పై గిన్నెలో వేలు పెట్టి చూసిన ముసలి మేస్త్రీ, "ఉప్పు కూడా లేదురా" అన్నాడట. ఇంక ఎవరూ నవ్వలేదట. వాళ్ళంతా మా వైపువాళ్ళే.

మా ఆయన ఇంటికి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది.

"పది మందిలో నా పరువు తీసీసావు. ఏటి సేసాడు వాడు నిన్ను?"

"నన్ను కాదు" అన్నాను. తర్వాత చెప్పాను. కంకర గుట్టలు, చెయ్యి, రిబ్బన్లు. చెప్పడం పెద్ద కష్టం కాలేదు. చెప్పాక వచ్చే మాట కోసం కాచుకోవడమే కష్టమైంది.

ఆయన సుత్తి తీసి గోడకి చేర్చాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"రేపట్నుంచి రత్నం కాలేజీకి ఎల్లొద్దు" అన్నాడు.

ఈ మాట నేను ఎనిమిదో తరగతిలో విన్నదే. అదే మెత్తటి గొంతు. కోపం కూడా లేదు అందులో. నేను నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి మా అత్త పలికింది, చింతపండు మీంచి తల ఎత్తకుండా.

"ఒరే నూకరాజూ. నువ్వు పొద్దున్న ఎల్తావు కదా. పట్టా ఇరిగిందనుకో. ఏటి సేస్తావు?"

"ఇప్పుడు పట్టా గొడవేటమ్మా?"

"సెప్పరా."

"ఎర్రజెండా పాతుతాను. కబురెడతాను."

"తరవాత?"

"పట్టా మారుస్తారు."

"రైలు మాన్పించరు కదా?"

మా ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"మీ నాన్న ఈ లైను ఏసినప్పుట్నుంచి సూస్తన్నాను నాను. ఇరిగిన పట్టా ఉంచీసి రైలు మాన్పించినోణ్ణి ఎవుణ్ణీ సూళ్ళేదు." చింతపండులోంచి ఒక గింజ తీసి పక్కకి విసిరింది. "దాన్ని సదువుకోనీ. ఆడి సంగతి సూడు."

ఆయన బయటికి వెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. వచ్చి, "బస్సు వేళయింది. నువ్వెల్తావా, నన్నెల్లమంటావా?" అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. మోడ్ దగ్గర బస్సు దిగిన రత్నం అన్నని చూసి ఆగిపోయింది. ఆయన ఏమీ అడగలేదు. పుస్తకాల సంచీ అందుకుని తన భుజానికి వేసుకున్నాడు. పొజ్జే బారులో అందరికన్నా పొడుగ్గా కనబడుతూ నడిచి, చెట్టుకొమ్మలు తలకి తగిలి తిట్టుకున్నాడు. మగాడికి బుట్ట అక్కర్లేదా అని పొజ్జే అడిగితే, రెండు మోశాడు.

ఠాణాకి వెళ్ళి రాసివ్వాలన్నది రత్నమే. ఆ సాయంత్రం చెప్పులేసుకుంటుంటే, సంగతి విని పక్క క్వార్టరు యేసుపాదం గారు మా మెట్ల దగ్గర నిలబడ్డారు. టోపీ చేతిలో నలుపుతున్నారు.

"నూకరాజూ, మా సువార్త కూడా వస్తానంటంది. ముందటేడు బస్సు తప్పినప్పుడల్లా దాన్ని కూడా ఆడే బండి మీద దింపీవోడు."

ఆయన వెనక సువార్త ఉంది. ఏడాదిగా పక్కింట్లో ఉంటున్నా నేను ఆ పిల్లని సరిగ్గా చూడలేదని అప్పుడు తెలిసింది. రత్నం జరిగి తన పక్కన చోటిచ్చింది. ఠాణాలో ఇద్దరూ వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పారు. నేను బుల్లిని ఆడిస్తూ పక్కన కూచున్నాను.

కాంట్రాక్టరు భూషణాన్ని పనిలోంచి తీసేశాడు. ఠాణావాళ్ళు పట్టుకెళ్ళారు. ఎన్నాళ్ళుంచారో, ఎప్పుడు వదిలారో మాకు సరిగ్గా తెలియలేదు. మా లైన్లో మాత్రం మళ్ళీ కనబడలేదు. క్యారేజీ చాలాకాలం గ్యాంగు షెడ్డులో పడి ఉంది. ఎవరూ తీసుకోలేదు.

వానలు తగ్గే వేళకి కల్వర్టు ఇంకా కట్టలేదు. సువార్త మళ్ళీ కాలేజీలో చేరింది. పై స్టేషను నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు ఆ బస్సులోనే వస్తున్నారని తెలిసి, వాళ్ళనీ బారులో కలుపుకున్నారు. ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది పొజ్జే చెప్పింది. తోకలో నడిచేదానికి గొంతు ఉండాలి, తొందర ఉండకూడదు అని రత్నాన్ని అక్కడ పెట్టింది. ఇంక నన్ను రావద్దన్నారు. పిల్లనెత్తుకుని రోజూ ఎందుకొదినా అంది రత్నం. సరేనన్నాను గానీ మొదటి రోజు వరండాలోంచి లోపలికి వెళ్ళలేకపోయాను.

బియ్యం కడిగి ఉన్నాయి. పొయ్యి ఆరి ఉంది. మా అత్త నన్ను చూసి నవ్వడానికి సిద్ధంగా ఉంది.

చెట్ల లోంచి ముందు పొజ్జే కేక వినబడింది. తర్వాత కాసేపు ఆకుల మీంచి రాలే నీటి చుక్కల చప్పుడు.

"ఓ...య్."

చివరి గొంతు రత్నానిది. ఒళ్ళో బుల్లి దానికి బదులు పలికింది. నేను లేచి పొయ్యి రాజేసి, ఎసరు పెట్టాను.